ముడుపు కింద నెంబరు

నేను పిరికివాణ్ణి. ఈ ముక్క ముందే ఒప్పేసుకుంటే తక్కినది రాయడం సులువు.

మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ తిరుగుతూనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. నా ఖాకీ బట్టలు చూసి లారీ డ్రైవర్లు అంత దూరం నుంచే బీడీ పారేసి సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆ టోపీ కింద ఉన్న మనిషికి కుక్కలంటే భయం, కోర్టంటే భయం, పై ఆఫీసరంటే భయం, కాస్త గొంతు పెంచి మాట్లాడేవాడెవడైనా భయమేనని వాళ్లకేం తెలుసు? మా ఆవిడకు మాత్రం తెలుసు. "ఇంట్లో బల్లి పడితే నన్ను పిలుస్తారు, రోడ్డు మీద లారీని ఎట్లా ఆపుతారండీ" అనేది. లారీని ఆపేది టోపీ, నేను కాదు అనేవాణ్ణి.

కొత్తగా అసిస్టెంటు ఇన్‌స్పెక్టరుగా చేరిన ఒకమ్మాయి మొన్న మా ఇంటికొచ్చింది. పాత బండిని చూసి అది ఏ కాలానిదో ఎట్లా చెప్పాలో నేర్పమని అడిగింది. ఇప్పుడన్నీ కంప్యూటర్లో ఉంటాయి కదమ్మా అంటే, కంప్యూటర్లో లేనివే నా దగ్గరికి వస్తున్నాయి సార్ అంది. తెలిసింది చెప్పి పంపాను. ఆ అమ్మాయి గేటు దాటాక, అసలు చెప్పవలసింది చెప్పలేదని గుర్తొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

పొట్టి బండ్లు

డెబ్బైలలో మా వైపు ఒక చిన్న మోటారు సైకిల్ తిరిగేది. చిన్న చక్రాలు, మోకాలెత్తు సీటు, పెద్ద బండ్ల పక్కన నిలబెడితే పిల్లబండిలా ఉండేది. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ నాలుగైదేళ్లు నడిచి మూతపడింది. దాని పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందరూ పొట్టి బండి అనేవాళ్లు.

కంపెనీ పోయినా బండ్లు పోలేదు. తొంభైలలో కూడా మా ప్రాంతంలో చాలానే ఉండేవి. తేలిక, పెట్రోలు తక్కువ తాగుతుంది, కింద పడినా కాలు విరగదు. పట్టుచీరల మూట వెనక కట్టుకుని ధర్మవరం నుంచి హిందూపురం దాకా పోయి రావచ్చు. చిలమత్తూరు వైపు గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని నడిపేవాళ్లను కూడా చూశాను.

చిక్కంతా మాకే వచ్చేది. కంపెనీ లేదు కాబట్టి రికార్డులు లేవు. ఆర్.సి. పుస్తకాలు చెదలు తినేసి ఉండేవి, లేదా వానకు సిరా కారి ఉండేవి. బండి చేతులు మారి, మారి, అసలు యజమాని ఎవరో ఎవరికీ తెలిసేది కాదు. అలాంటప్పుడు ఇనుమునే అడగాలి. పొట్టి బండ్లలో రెండు రకాలున్నాయి. మొదటి రకానికి ముందు మడ్‌గార్డును కింద, చక్రానికి రెండు పక్కలా ఉండే ఫోర్కు కాళ్లకు బిగించేవాళ్లు. రెండో రకానికి పైన, ఆ రెండు కాళ్లూ కలిసే అడ్డపట్టీకి రెండు బోల్టులతో బిగించేవాళ్లు. నెంబరు రెండింటికీ ఒకే చోట ఉంటుంది. హ్యాండిల్ కింద మెడలాంటి పైపు ఉంటుంది చూడండి, దాని ముందు వైపు కొట్టి ఉంటుంది. ఆ నెంబరును బట్టే బండి ఏ రకమో తెలుస్తుంది. ఇంజను మీద పోత పోసిన ఏడాది గుర్తు వేరుగా ఉంటుంది.

పెయింటు చూసి వయసు చెప్పకండి. ట్యాంకు చూసి చెప్పకండి. నేను చేరిన కొత్తలో మెరిసిపోతున్న ట్యాంకు చూసి ఒక బండిని ఐదేళ్లు చిన్నదాన్ని చేసేశాను. దాని యజమాని సంతోషించాడు, నేనూ సంతోషించాను. అది తేలికపాటి తప్పు. అసలు తప్పు ఇంకా ముందుంది.

మసక వెలుతురులో చనిపోయిన మనిషి

తొంభైల నడిమిలో, ఒక వానాకాలం, పెనుకొండ రోడ్డు మీద తెల్లవారుతుండగా గంగన్న అనే గొర్రెల కాపరిని ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. పొలానికి పోతున్న ఒకామె దూరం నుంచి చూసిందట. పొట్టి బండి, వెనక మూట ఉంది, అంతకంటే తెలియదంది. రోడ్డు మీద ముందు మడ్‌గార్డు విరిగిన ముక్క ఒకటి దొరికింది. వెడల్పాటి పట్టీ, దానికి రెండు రంధ్రాలు.

మరుసటి రోజు పోలీసులు ధర్మవరం నేతగాడు నారాయణప్పను పట్టుకొచ్చారు. అతనికి పొట్టి బండి ఉంది. నేసిన చీరలు వారానికి రెండుసార్లు అదే రోడ్డు మీద తీసుకుపోతాడు. అతని బండికి ముందు మడ్‌గార్డు లేదు. వానల్లో బురద చిక్కుకుంటోందని తానే ఊడదీసి ఇంట్లో పెట్టానన్నాడు. ఇంట్లో వెతికితే అది కనపడలేదు. పాతసామాన్లవాడికి వాళ్లావిడ ఎప్పుడో వేసేసిందట.

ఆ బండికీ ఆ ముక్కకూ సంబంధం ఉందో లేదో తేల్చి రిపోర్టు ఇవ్వమని స్టేషన్ నుంచి నాకు కాగితం వచ్చింది.

స్టేషన్ ఆవరణలో బండిని చింతచెట్టు కింద నిలబెట్టారు. ముక్కను తెచ్చి నా చేతికిచ్చారు. దాన్ని ఒక అట్ట మీద పెట్టి, అంచు వెంబడి పెన్సిలు గీసి, రంధ్రాల గుర్తులు పెట్టుకున్నాను. అది నా అలవాటు. తర్వాత బండి దగ్గర కూర్చున్నాను. ఇంజను మీద గుర్తు చూశాను. అనుమానం లేకుండా రెండో రకం ఇంజను. ఇక మెడ మీద నెంబరు, దాని కింద మడ్‌గార్డు బిగించే అడ్డపట్టీ చూడాలి.

అక్కడ ముడుపు కట్టి ఉంది.

పసుపు గుడ్డ. హ్యాండిల్‌ను, కింద అడ్డపట్టీని కలిపి, మెడ పైపు ముందు నుంచి చుట్లు చుట్లుగా చుట్టేసి, నడుమ నిమ్మకాయంత మూట. ఏళ్ల తరబడి ఆయుధపూజకు పెట్టిన పసుపూ కుంకుమా, దుమ్మూ, ఆయిలూ కలిసి గట్టిపడి, గుడ్డ ఎక్కడ ఆగిందో ఇనుము ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంది.

ప్రహరీ గోడ నీడలో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నారాయణప్ప తల్లి. నేను జేబులో నుంచి చాకు తీయడం చూసి లేచి వచ్చింది.

"అది కదిరి స్వామికి కట్టిన ముడుపు నాయనా. మా అబ్బోనికి సొంత మగ్గం అయినాక ఇప్పతానని మొక్కుకున్యా. మొక్కు తీరకుండా ఇప్పితే ఇంటికి కీడు. ముట్టుకోవద్దు."

నా చెయ్యి ఆగిపోయింది. మొక్కు తీరని ముడుపు విప్పినవాడికి ఏమవుతుందో మా అవ్వ నాకు చిన్నప్పుడు ఎన్ని కథలు చెప్పిందో మీకు తెలియదు. పైగా ఇంట్లో మా ఆవిడకు నెలలు నిండుతున్నాయి. నేను చదువుకున్నవాణ్ణే. మెకానికల్ డిప్లొమా ఉంది. ఆ క్షణంలో డిప్లొమా ఎటు పోయిందో తెలియదు.

చాకు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంజను రెండో రకం, కాబట్టి బండి రెండో రకం. ముక్క రెండో రకం మడ్‌గార్డుది. బండికి మడ్‌గార్డు లేదు. ఇంకేం కావాలి అనుకున్నాను. "మెడ నెంబరు, ఫోర్కు పరిశీలించడమైనది. ముక్క ఈ బండికి చెందినదిగా సరిపోవుచున్నది" అని రాసి సంతకం పెట్టాను. పరిశీలించడమైనది అన్న ఆ ఒక్క మాట పచ్చి అబద్ధం. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే పై ఆఫీసరు తిడతాడన్న భయమే నాకు పెద్దదిగా అనిపించింది.

కంబళి

నారాయణప్పకు జామీను దొరికింది. ఇంటికి పోయాడు. నేను కూడా ఆ సంగతి మర్చిపోయాను.

ఆరో రోజు హిందూపురంలో మా ఆఫీసు ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పొడవుగా, సన్నగా, భుజాన కొత్త కంబళి. పేరు ఓబులేసు అన్నాడు. చనిపోయిన గంగన్నకు అన్న. నాకు దండం పెట్టి కంబళి ఇవ్వబోయాడు. మా ఇంట్లో నేసిందే సార్, తీసుకోవల్ల అన్నాడు. వద్దన్నాను. దాన్ని నా స్కూటర్ సీటు మీద పెట్టి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

"నువ్వు చెప్పకపోతే మాకు తెల్సేది కాదు సార్. ఎవురో తెల్సింది, ఇంగ చాలు. కోర్టుతో మాకు పనిల్యా. దివసాలు అయిపోనీ, మేం చూసుకుంటాం."

మెల్లగా, పెళ్లి పిలుపు చెప్పినంత మామూలుగా అన్నాడు. కోపం లేదు. కోపం ఉండి ఉంటే నాకు అంత భయం వేసేది కాదేమో. మా జిల్లాలో ఆ రోజుల్లో పెరిగినవాడికి "చూసుకుంటాం" అన్న మాటకు అర్థం ఇంకొకడు చెప్పనక్కర్లేదు. దివసాలంటే పదకొండో రోజు. ఇంకా ఐదు రోజులు.

నారాయణప్ప ఇంట్లోనే తలుపులు వేసుకుని ఉన్నాడని, కూలి మగ్గం ఆగిపోయిందని, వీధిలోకి కూడా రావడం లేదని తర్వాత తెలిసింది. అతనికి కూడా ఎవరో చెప్పి ఉంటారు.

నేను నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు చేసినవాడు అనుభవిస్తాడు, పోలీసులు చూసుకుంటారు, నేను ఉన్నదున్నట్టు రాశాను. మూడోది నిజం కాదని తెలుసు కాబట్టి మొదటి రెండూ కూడా నిలబడలేదు. కంబళిని అటక మీద పెట్టాను. అది అక్కడ ఉందని తెలిసి ఆ గదిలో కూర్చోలేకపోయాను.

గోనెసంచిలో ఇంజను

ఎనిమిదో రోజు ఉదయం దావీదు మేస్త్రి షెడ్డుకు పోయాను. హిందూపురంలో పొట్టి బండ్లకు ఆయన్ను మించినవాడు లేడు. పాత బండ్ల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆయన నేర్పిందే. ఆదివారం చర్చికి తెల్లపంచె కట్టుకుపోయేవాడు, మిగతా ఆరు రోజులూ ఒంటి మీద ఆయిలే.

ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ధర్మవరం నుంచి, పెనుకొండ నుంచి బండి ఇంజను పాడైనవాళ్లు బండిని తేలేరు కదా. ఇంజను మాత్రం విప్పి, గోనెసంచిలో కట్టి, ప్యాసింజరు రైల్లో సీటు కింద తోసి తెచ్చేవాళ్లు. దాన్ని బాగుచేసేదాకా ఉంటే రెండు రోజుల పని పోతుంది. మగ్గం ఆగితే వాళ్లకు తిండి ఆగుతుంది. అందుకని దావీదు ముందే బాగుచేసి పెట్టిన ఇంకో ఇంజను సంచిలో వేసి ఇచ్చి, వాళ్లది తను ఉంచుకునేవాడు. మధ్యాహ్నం రైలుకే వాళ్లు తిరిగిపోయేవాళ్లు. అలా ఒకరి ఇంజను ఇంకొకరి బండిలోకి, వారిది మరొకరి బండిలోకి తిరుగుతూ ఉండేది. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ షెడ్డులో కూర్చుని టీ తాగుతూ ఆ సంచులు కళ్లారా చూసినవాణ్ణి.

ఆ రోజు కూడా గోడ పక్కన మూడు సంచులున్నాయి. ఒక దాని మీద సుద్దముక్కతో ధర్మవరం అని రాసి ఉంది. దాన్ని చూడగానే నారాయణప్ప బండి ఇంజను కూడా ఇలాంటి సంచిలోనే వచ్చిందేమో అనిపించింది. మాట మామూలుగా ఉంచుకుని, నారాయణప్ప అనే నేతగాడు తెలుసా అని అడిగాను.

"తెలీకేం సార్. రెండేండ్ల కిందట ఆయప్ప ఇంజను నేనే మార్చిచ్చినా. ఆయప్పది మొదటి రకం బండి, నేనిచ్చింది రెండో రకం ఇంజను. కొంచెం తిప్పలు పడి కూర్చోబెట్టినా." దావీదు చేతులు తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "ఇంజను అంగీ మాదిరి సార్. ఇడిసి ఇంగోటి ఏసుకుంటారు. మెడ చూసినారు కదా మీరు?"

టీ గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను. మొదటి రకం బండికి ఆ మడ్‌గార్డు ముక్క పట్టనే పట్టదు. పైన అడ్డపట్టీకి అసలు రంధ్రాలే ఉండవు. మూడు రోజుల్లో, ఏ పాపమూ తెలియని మనిషిని నా సంతకం చూసి చంపబోతున్నారు.

మా పై ఆఫీసరు

నేరుగా ఆయన గదికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. లంచం ముట్టేవాడు కాదు, ఎవరినీ వేధించేవాడు కాదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క బండి కిందికి వంగి చూడలేదని మాత్రం అందరికీ తెలుసు. చొక్కా మడత నలిగేది కాదు. నా తప్పు మొత్తం చెప్పాను. ముడుపు సంగతి కూడా.

ఆయన పేపర్ వెయిట్ తిప్పాడు. రిపోర్టు మార్చినవాడు రెండుసార్లు అబద్ధం చెప్పినట్టు లెక్క, ఒకసారి చెప్పినవాణ్ణి ఎవరూ పట్టుకోరు అన్నాడు. చూడని నెంబరు చూశానని రాసినట్టు బయటపడితే ఉద్యోగం పోతుంది. అటు చచ్చినవాడి మనుషులు నీ మీదికి తిరుగుతారు. కోర్టులో ఆ నేతగాడి లాయరు చూసుకుంటాడు, నువ్వు ఊరికే ఉండు అన్నాడు. కోర్టుకు వచ్చేది ఏడాదికి, దివసాలు మూడు రోజులకు సార్ అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆయన్ను ఇప్పటికీ తప్పుపట్టలేను. ఆయన చెప్పిన ప్రతిదీ నేను కూడా అనుకున్నదే. తేడా ఏమిటంటే ఓబులేసు గొంతు ఆయన వినలేదు, నేను విన్నాను. ధైర్యం వచ్చి నేను కదల్లేదు. నా భయాలన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే, ఉద్యోగం పోతుందనే భయం అన్నింటికంటే చిన్నదిగా కనపడింది. అంతే.

మీకు ఇలాంటి రోజు వస్తే మీరూ భయపడతారు. భయపడకుండా ఉండమని నేను చెప్పను, నాకే చేతకాలేదు. ఏది పెద్ద భయమో కొలుచుకోండి, దాని మాట వినండి.

చెవి కోత

మర్నాడు మొదటి బస్సుకు ఓబులేసు ఊరికి పోయాను. మందను దొడ్డిలో నుంచి వదులుతున్నాడు. నా ఖాకీ చూసి కుక్కలు మీదికొచ్చాయి. ఆయన ఒక్క మాటతో వాటిని ఆపాడు. నేను తప్పు రాశానప్పా అని చెప్పాను. ఆ బండికి ఆ ముక్క పట్టదనుకుంటా, స్టేషన్‌కు వచ్చి నీ కళ్లతో నువ్వే చూడు, నేను చెప్పింది ఈసారి నమ్మొద్దు అన్నాను.

"నీకు వాళ్లేమన్నా ఇచ్చినారా సార్?" అని అడిగాడు. ఇవ్వలేదన్నాను. నమ్మాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. చేతికర్ర తీసుకుని నా వెంట బయల్దేరాడు. బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. ఆ గంట ప్రయాణమంతా ఆ కర్ర నా మోకాలికి తగులుతూనే ఉంది.

స్టేషన్‌కు నారాయణప్ప తల్లిని కూడా పిలిపించాను. ఎస్సై నా మాట విని, రాసింది మీరే కదా సార్ అని మాత్రం అన్నాడు. మడ్‌గార్డు ముక్క తెప్పించాడు. చింతచెట్టు కింద బండి అలాగే ఉంది. ముడుపూ అలాగే ఉంది.

ఆ ముసలావిడకు ఉన్నదున్నట్టు చెప్పాను. మొన్న నీ మాట విని విప్పలేదమ్మా, విప్పకుండానే చూశానని రాశాను, అందుకే నీ కొడుకు మీదికి వచ్చింది. ఈ గుడ్డ కింద ఉన్నదే వాణ్ణి కాపాడుతుంది. నేను విప్పను. నువ్వు ఒప్పుకుంటేనే.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఓబులేసు వైపు ఒకసారి చూసింది. ఆయన ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు, కానీ తెలిసింది. కొంగు నడుముకు దోపుకుని బండి ముందు కూర్చుంది.

"మొక్కు నాది. స్వామికి నేను చెప్పుకుంటా," అంది. "నువ్వు మాత్రం ఈసారన్నా చూసి రాయి నాయనా."

పళ్లతో, గోళ్లతో, తర్వాత నా చాకుతో, ఒక్కో చుట్టు తీసింది. గుడ్డ ముక్కలు ముక్కలుగా ఊడి వచ్చింది. నిమ్మకాయంత మూట ఒళ్లో పెట్టుకుని విప్పింది. నాణేలు. నేను అడగకముందే నా చేతిలో పోసింది. అన్నీ పాతవే, ఇప్పుడు చెల్లని చిన్న అల్యూమినియం బిళ్లలు కూడా ఉన్నాయి. వాటి మీది ఏడాదులు చదివాను, పదేళ్ల లోపుది ఒక్కటీ లేదు. కట్టి పదేళ్లు దాటిందని ఆ నాణేలే చెప్పాయి. హ్యాండిల్‌నూ అడ్డపట్టీనీ కలిపి కట్టిన ఈ గుడ్డను కోయకుండా ఆ బండి ఫోర్కు మార్చడం ఎవరివల్లా కాదు. పదేళ్లుగా ఆ బండికి అదే ఫోర్కు, గుద్దాక మార్చారనడానికి లేదు.

కిరసనాయిలు గుడ్డతో గట్టిపడ్డ పసుపును తుడిచాను. నెంబరు బయటపడింది. మొదటి రకం. కింద అడ్డపట్టీ నున్నగా, ఒక్క రంధ్రం లేకుండా ఉంది.

ముక్కను నేను పట్టుకోలేదు. ఓబులేసుకు ఇవ్వమని ఎస్సైకి చెప్పాను. ఆయన కర్ర చెట్టుకు ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, ముక్కను అడ్డపట్టీకి ఆనించి చూశాడు. తిప్పి చూశాడు. ముక్క రంధ్రాలు వచ్చిన చోట పట్టీని వేలితో తడిమాడు. మళ్లీ తిప్పాడు. ఆయన నమ్మకపోతే ఆ నేతగాడితో పాటు నా పని కూడా అయిపోయినట్టేనని తెలుసు.

"మా మందలో కూడా అంతే సార్," అన్నాడు చివరికి. "ఉన్ని జూసి ఇది నాదంటే ఎవురూ ఒప్పుకోరు. మేం గుర్తుకు చెవికి పెట్టిన కోత జూడల్ల. నువ్వు ఉన్ని జూసి రాసినావు."

అవునన్నాను.

ముక్కను ఎస్సై చేతికిచ్చి లేచాడు. ముసలావిడ ముందు ఆగాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అయితే మా తమ్ముణ్ణి గుద్దిందెవరు సార్?"

తెలియదప్పా అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మాటల్లో అన్నింటికంటే కష్టమైనది అదే.

రెండో రిపోర్టు రాసి ఇచ్చాను. చూడకుండా చూశానని రాసిన సంగతి కూడా అందులో రాశాను. పై ఆఫీసరు చదివి, పైకి పంపి, నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది, ఉద్యోగం నిలిచింది. కేసు ఎటూ తేలకుండా మూతపడింది. కొన్నేళ్ల తర్వాత ధర్మవరంలో నారాయణప్ప బండి కనపడితే ఆగి చూశాను. కొత్త ముడుపు ఉంది. వెనక క్యారియర్ కడ్డీకి కట్టి ఉంది. మెడ మీద నెంబరు శుభ్రంగా కనపడుతోంది.

అట్ట

ఓబులేసు మాత్రం నన్ను వదల్లేదు. నేను హిందూపురంలో ఉన్నా, ధర్మవరానికి మారినా, బండ్లు తనిఖీ చేసే రోజుల్లో అప్పుడప్పుడు వచ్చేవాడు. నెలకోసారి, కొన్నిసార్లు మూడు నెలలకోసారి. మైదానం అంచున కంబళి పరుచుకుని కూర్చునేవాడు. పొట్టి బండి వస్తే లేచి దగ్గరికి వచ్చి, ముందు మడ్‌గార్డు చూసేవాడు. నేను ముక్క అచ్చు గీసుకున్న ఆ పాత అట్ట తీసి, విరిగిన అంచు కలుస్తుందేమోనని పెట్టి చూపించేవాణ్ణి. మార్చిన మడ్‌గార్డులు, అతుకు వేసినవి, అసలు లేనివి, అన్నీ చూశాం. ఏదీ మాకు ఏమీ చెప్పలేదు. ఆయన మళ్లీ పోయి కూర్చునేవాడు. భోజనం వేళకు నాకు దండం పెట్టి వెళ్లిపోయేవాడు. ఆయన రాని రోజు నాకు తేలిగ్గా ఉండేది. వచ్చిన రోజు, ఇవాళ ఏ బండికైనా సరిపోతే ఎట్లా అని ఉదయం నుంచి భయపడేవాణ్ణి.

పొట్టి బండ్లు తగ్గిపోయాయి. రెండు వేల సంవత్సరం దాటాక ఏడాదికి ఒకటీ రెండూ వచ్చేవి. ఆయనకు జుట్టు నెరిసింది, నాకు ఊడిపోయింది.

నా ఆఖరి పని రోజున కూడా వచ్చాడు. ఆఫీసులో దండలు, టీలు అయిపోయాక బయట నా కోసం నిలబడి ఉన్నాడు.

"ఇంగ నువ్వుండవు కదా సార్. ఆ అట్ట నాకియ్యి."

ఎందుకప్పా అని అడగలేదు. ఎందుకో తెలుసు. నేను పక్కన ఉన్నంతకాలం అది అట్ట. ఆయన ఒక్కడి చేతిలో అది ఏమవుతుందో నాకు తెలుసు. మడ్‌గార్డులు ఊడతాయి, మారతాయి, ఒకరిది ఇంకొకరికి పోతాయి. దావీదు షెడ్డులో ఇంజన్లు పోయినట్టే. సరిపోయిన ప్రతి మడ్‌గార్డూ ఆ మడ్‌గార్డు కాదు. ఒకసారి నా కాగితం పట్టుకుని ఒక మనిషి ప్రాణం మీదికి బయల్దేరినవాడు ఆయన.

పోయిందప్పా, ఆఫీసు మారినప్పుడు ఎక్కడో పోయింది అన్నాను.

ఆయన నా భుజానికి వేలాడుతున్న సంచి వైపు చూశాడు. నా చెయ్యి దాని మీదే ఉంది, నాకు తెలియకుండానే.

"నువ్వు అబద్ధం రాసినోనివి సార్. చెప్పేకి నీకు రాదు," అన్నాడు. నవ్వినట్టే అనిపించింది. దండం పెట్టి, కంబళి దులిపి భుజాన వేసుకుని, బస్టాండు వైపు పోయాడు. మళ్లీ రాలేదు.

అట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అంచులు చీకిపోయాయి, పెన్సిలు గీత మాసిపోతే ఒకసారి పెన్నుతో దిద్దాను. చించేద్దామని రెండుసార్లు తీశాను, చించలేకపోయాను. కేసు మూతపడ్డాక స్టేషన్‌లో ఆ ముక్క కూడా మిగల్లేదు. ఆయన తమ్ముడి గురించి ఈ లోకంలో మిగిలిన రుజువు అదొక్కటే. ఎప్పుడైనా రోడ్డు మీద పొట్టి బండి కనపడితే ఈ వయసులో కూడా నా కళ్లు ముందు దాని మడ్‌గార్డు మీదికే పోతాయి. పైన రెండు బోల్టులూ ఉన్నాయేమో చూస్తాను. ఉంటే, నడిపేవాడి ముఖం చూడకుండా తల తిప్పుకుంటాను.